రువాండా ఆరోగ్య వ్యవస్థ పునర్నిర్మాణం

తూర్పు ఆఫ్రికాలోని చిన్న దేశం రువాండా, 1994 నాటి మారణహోమంలో కుప్పకూలిన తన ప్రజారోగ్య వ్యవస్థను తర్వాతి రెండు దశాబ్దాల్లో పునాదుల నుంచి తిరిగి కట్టుకుంది. పేద దేశంలోనూ పట్టుదల గల నాయకత్వం ఉంటే వైద్యం పల్లె గడప దాకా చేరగలదని చెప్పడానికి ప్రజారోగ్య నిపుణులు ఈ దేశాన్ని తరచుగా ఉదాహరిస్తారు.

నేపథ్యం

1994 ఏప్రిల్ నుంచి జులై వరకు దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. వారిలో ఎక్కువమంది టుట్సీ తెగవారు. వైద్యులు, నర్సులు అనేకులు చనిపోయారు, మిగిలినవారిలో చాలామంది దేశం విడిచి వెళ్లారు. ఆసుపత్రులు లూటీ అయ్యాయి. కలరా, క్షయ, హెచ్‌ఐవీ విజృంభించాయి. 2000 నాటి సర్వే ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 196 మంది అయిదేళ్లు నిండకుండానే మరణించేవారు.

నాయకత్వం, జవాబుదారీతనం

2000లో ప్రకటించిన 'విజన్ 2020' ప్రణాళిక ఆరోగ్యాన్ని అభివృద్ధికి మూలంగా గుర్తించింది. విదేశీ దాతలు ఎవరి పథకం వారు నడుపుకోకుండా, ప్రభుత్వ ప్రణాళికకు లోబడి పనిచేయాలని రువాండా పట్టుబట్టింది. హెచ్‌ఐవీ కోసం వచ్చిన నిధులతోనే ప్రాథమిక వైద్యాన్నీ బలపరచుకుంది. 2006 నుంచి జిల్లా మేయర్లు ఏటా దేశాధ్యక్షుడితో 'ఇమిహిగో' అనే పనితీరు ఒప్పందాలు కుదుర్చుకుంటున్నారు. బీమాలో చేరినవారి సంఖ్య వంటి ఆరోగ్య లక్ష్యాలకూ ఆ ఒప్పందాల్లో చోటుంది. మారణహోమం తర్వాత స్వదేశానికి తిరిగొచ్చిన పిల్లల వైద్యురాలు ఆగ్నెస్ బినగ్వాహో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థకు సారథ్యం వహించి, 2011 నుంచి 2016 వరకు ఆరోగ్య మంత్రిగా పనిచేశారు. ఆఫ్రికాలో తొలిసారిగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను జాతీయ స్థాయిలో బాలికలకు వేయడం 2011లో రువాండాలోనే మొదలైంది.

సామూహిక ఆరోగ్య బీమా

'మ్యుచువెల్ ద సాంతే' పేరిట 1999లో మూడు జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన సామూహిక ఆరోగ్య బీమా తర్వాత దేశమంతటా విస్తరించింది. 2011లో చందాను కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి నిర్ణయించే పద్ధతి వచ్చింది. ఎవరు నిరుపేదలో గ్రామస్థులే కూర్చుని తేల్చేవారు, వారి చందాను ప్రభుత్వం, దాతలు భరించేవారు. ఆ కాలానికే జనాభాలో సుమారు 90 శాతం బీమా పరిధిలోకి వచ్చారు.

గ్రామ ఆరోగ్య కార్యకర్తలు

దేశంలో సుమారు 15 వేల గ్రామాలున్నాయి. ఒక్కో ఊరివారు తమలోంచే ముగ్గురిని ఎన్నుకునే పద్ధతిలో ఏర్పడిన కార్యకర్తల దళం ఒక దశలో దాదాపు 45 వేలకు చేరింది. ముగ్గురిలో ఒక మహిళ గర్భిణులు, బాలింతల బాగోగులు చూసేది. ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండే జంట పిల్లల్లో మలేరియా, న్యుమోనియా, అతిసారాన్ని గుర్తించి ఊళ్లోనే మందులిచ్చేది. పనితీరును బట్టి వచ్చే ప్రోత్సాహకం వ్యక్తుల చేతికి కాక ప్రధానంగా వారి సహకార సంఘాలకు అందుతుంది. ప్రమాద లక్షణాలు కనిపిస్తే మొబైల్ సందేశంతో ఆరోగ్య కేంద్రాన్ని అప్రమత్తం చేసే ఏర్పాటూ ఉంది.

ఫలితాలు

2014–15 సర్వే నాటికి అయిదేళ్లలోపు పిల్లల మరణాలు వెయ్యికి 50కి తగ్గాయి. 2000లో లక్ష ప్రసవాలకు 1,071గా ఉన్న మాతృ మరణాలు 210కి దిగివచ్చాయి. 2016 నుంచి ముహంగా కేంద్రంగా డ్రోన్లు మారుమూల ఆసుపత్రులకు రక్తాన్ని చేరవేస్తున్నాయి.

2024 సెప్టెంబరులో మార్బర్గ్ వైరస్ బయటపడినప్పుడు ఈ వ్యవస్థకు గట్టి పరీక్ష ఎదురైంది. సోకినవారిలో అత్యధికులు ఆసుపత్రి సిబ్బందే. వ్యాధిని ప్రకటించిన పది రోజుల్లోపే ప్రయోగాత్మక టీకా వేయడం ప్రారంభించారు. మొత్తం 66 మందికి సోకగా 15 మంది మరణించారు. సోకినవారిలో సగటున సగంమందిని బలిగొనే వ్యాధి విషయంలో ఇది చాలా తక్కువ. డిసెంబరు 20న వ్యాధి ముగిసినట్లు ప్రకటించారు.

పరిమితులు, విమర్శలు

విదేశీ సాయంపై ఆధారపడటం, నిపుణులైన వైద్యుల కొరత ఇంకా తీరలేదు. 2019–20 సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. ఆరోగ్య సిబ్బందిని నాలుగేళ్లలో నాలుగింతలు చేసే కార్యక్రమం 2023లో మొదలైంది. దేశాధ్యక్షుడు పాల్ కగామే ప్రభుత్వం రాజకీయ అసమ్మతిని అణచివేస్తోందని మానవ హక్కుల సంస్థలు విమర్శిస్తున్నాయి. అందువల్ల పైనుంచి నడిచే ఈ నమూనాను ఇతర దేశాలు ఎంతవరకు అనుసరించగలవన్నది చర్చనీయాంశం. గ్రామస్థులే ఎన్నుకునే కార్యకర్తలు, తాహతును బట్టి చందా, దాతల నిధులపై దేశం పట్టు మాత్రం ఏ పాలనా విధానంలోనైనా ఆచరించదగినవి.