బండి యాదగిరి

తెలంగాణ సాయుధ పోరాట (1946–51) కాలపు ప్రజాకవి, పాటగాడు. ‘బండెనక బండి కట్టి’ పాట ఆయనదిగా ప్రసిద్ధం. నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, తుంగతుర్తి ప్రాంతం ఆయన కార్యక్షేత్రం. జీవిత విశేషాలు చాలావరకు సహచరుల జ్ఞాపకాల మీదుగా వచ్చినవే. గెరిల్లా దళంలో పనిచేశాడని, పోరాటంలోనే ప్రాణాలు విడిచాడని చెబుతారు.

పాట ఎవరి మీద కట్టిందన్నది వివాదాంశం. జనంలో నిలిచిన పాఠం నైజాం సర్కారును సంబోధిస్తుంది. మొదట కట్టింది మాత్రం ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి మీదనని మరో కథనం. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం ఈ దొర భూమి లక్షన్నర ఎకరాలు. పాటలోనే రెండు వాదాలకూ ఆధారాలున్నాయి. హైదరాబాదు నివాసం, గోలకొండ ప్రస్తావన నిజామును చూపిస్తాయి. పదహారు బండ్ల వరస మాత్రం ఊళ్ల మీదికి దిగే దొర ఆర్భాటమే తప్ప, కింగ్‌కోఠీలో ఉండే నిజాముకు అంతగా అతకదు. దొర మీద పుట్టిన పాట పోరు ముదిరేకొద్దీ సర్కారు మీదికి మళ్లిందనుకోవడమే సబబుగా తోస్తుంది. సూర్యాపేట, నల్లగొండల పేర్లు రావడం వల్ల పాట పుట్టిన చోటు గురించి పెద్దగా తగాదా లేదు. శత్రువును నాజీలతో పోల్చడాన్ని బట్టి రెండో ప్రపంచ యుద్ధ వార్తలు అప్పటికే పల్లెలకు చేరాయని తెలుస్తుంది.

శైలిలో ఇది బుర్రకథకు దూరం, పనిపాటకు దగ్గర. బుర్రకథకు కథకుడు, వంతలు, తంబుర, గుమ్మెటలు కావాలి. దీనికి గొంతు చాలు, డప్పు ఉంటే మరీ మంచిది. ఒకరు చరణం ఎత్తుకుంటే గుంపు సంబోధనను అందుకుంటుంది. వాక్యాలు పొట్టివి, చదువు రానివాళ్లకు కూడా ఒకటి రెండుసార్లు వింటే నోటికొస్తాయి. ప్రతి పాదం చివర ఒకే పిలుపు తిరిగి రావడం బతుకమ్మ, ఉయ్యాల పాటల పద్ధతి. అదే ప్రాంతానికి చెందిన పోరాట నాయకురాలు మల్లు స్వరాజ్యం (మరణం 2022) ఆడవాళ్లను కూడగట్టడానికి ఉయ్యాల పాటలనే వాడుకున్నారు. శత్రువును ‘కొడుకో’ అని ఏకవచనంలో పిలవడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం: దొర ముందు చెప్పులు విడిచి నిలబడాల్సిన రోజులవి.

సూర్యాపేట, కోదాడల నడుమ ఉన్న మునగాల పరగణా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాలో భాగం. నిజాం పోలీసులకు అక్కడ అధికారం లేకపోవడంతో, కార్యకర్తలతోపాటు పాటలు కూడా ఆ దారిన అటూ ఇటూ నడిచి ఉండవచ్చు.

పాట కొత్త తరానికి చేరింది ‘మా భూమి’ చిత్రంతో. దీని విడుదలను కొందరు 1979గా, కొందరు 1980గా చూపుతారు. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. కిషన్ చందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం; సుంకర, వాసిరెడ్డి రాసిన 1947 నాటి ‘మా భూమి’ నాటకంతో పేరులో తప్ప సంబంధం లేదు. తెర మీద గాయకుడు గద్దరే కనిపించి పాడటంతో పాట ఆయన రచనేనని చాలామంది అనుకుంటారు. చిత్రంలో మరో ప్రసిద్ధ గీతం ‘పల్లెటూరి పిల్లగాడా’. దాని కర్త సుద్దాల హనుమంతు (మరణం 1982), అదే నల్లగొండ జిల్లా కవి. గొల్లసుద్దులు, బుర్రకథ వంటి ప్రదర్శన కళలను ఉద్యమానికి మలిచినవారు.