తిరువళ్లూరు వేసిన చిక్కు ప్రశ్న

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దు తగవుపై పటాస్కర్ ఇచ్చిన తీర్పుతో మద్రాసు రాష్ట్రానికి వెళ్లి చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. వైద్య చరిత్రలో ఈ రెండు జిల్లాలకూ ఇంకో చుట్టరికం ఉంది: బీసీజీ. 1948లో మన దేశంలో ఈ క్షయ టీకా మొదలైంది అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో. దాని సత్తా తేల్చే మహా పరీక్ష జరిగింది చెంగల్పట్టు జిల్లాలో, నేటి తిరువళ్లూరు ప్రాంతంలో.

భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం కలిసి 1968లో ఆ పని తలకెత్తుకున్నాయి. ఇల్లిల్లూ తిరిగి జనాన్ని లెక్క రాశారు. ముంజేతికి ట్యూబర్క్యులిన్ సూది వేసి, మూడోనాడు వచ్చి ఆ గట్టిపడిన వాపును మిల్లీమీటర్లలో కొలిచారు. రెండున్నర లక్షలకు పైగా జనంలో కొందరికి టీకా, కొందరికి టీకా లేని ఉత్త సూది వేశారు. ఎవరికి ఏది పడిందో సూది వేసినవారికీ తెలియదు.

1979లో తొలి ఫలితం వచ్చింది. బ్రిటన్ బడిపిల్లల్లో నూటికి 80 పాళ్లు పనిచేసిన టీకా, ఇక్కడ పెద్దవాళ్లలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆపలేదు. పదిహేనేళ్లు గమనించినా లెక్క మారలేదు; పిల్లల్లో మాత్రం కాస్త రక్షణ కనిపించింది. ఒకే టీకా అక్కడ అలా, ఇక్కడ ఇలా ఎందుకైంది?

జవాబు వెతకడానికి అప్పటికి తగిన పనిముట్లు లేవు. అవి తరవాత ప్రయోగశాలల్లో తయారయ్యాయి. క్షయ క్రిమిని మింగిన రక్షణ కణాలు దాన్ని చంపాలంటే వాటికి కబురందాలి. టీ కణాలు అనే మరో రకం రక్షణ కణాలు పంపే ఆ కబురే గామా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్. ప్రయోగాలు చేసేది ఎలుకల మీద. మనిషి ప్రొటీన్ ఎలుక కణాల మీద పనిచేయదు, కనుక ఎలుకకు ఎలుకదే కావాలి. 1983లో ఎలుకలో దాని జన్యువును విడదీసి, దాని నుంచి ఆ ప్రొటీన్‌ను తయారుచేయడం సాధ్యమైంది. ఎలుక రక్తకణాలు ఎంత కబురు పంపాయో తేల్చడానికి ఇప్పటికీ ప్రయోగశాలల్లో తూకపురాయి అదే. 1993లో ఆ జన్యువు లేని ఎలుకలకు క్షయ సోకించి చూస్తే, అవి క్రిమిని అదుపు చేయలేక చనిపోయాయి.

తిరువళ్లూరు చిక్కుకు దగ్గరగా వచ్చినవి 2002 నాటి రెండు అధ్యయనాలు. మొదటిదానిలో, మలావీ యువకుల్లో టీకాకు ముందే గామా ఇంటర్‌ఫెరాన్ స్పందన ఉంది. బ్రిటన్ యువకుల్లో టీకా తరవాతే పుట్టుకొచ్చింది. రెండోదానిలో, మట్టిలో, నీటిలో ఉండే క్షయక్రిమి జాతి సూక్ష్మజీవులను ముందే ఎక్కించిన ఎలుకల్లో బీసీజీ నిలదొక్కుకోలేదు. చెంగల్పట్టు జనంలోనూ చర్మ పరీక్షలో అలాంటి జీవుల ముద్ర దాదాపు అందరి చేతుల మీదా కనిపించింది.

అలాగని చిక్కంతా విడిపోలేదు. ఆ ప్రొటీన్ లేకపోతే రక్షణ లేదు. ఉన్నంతమాత్రాన రక్షణ ఉన్నట్టూ కాదు. పసిబిడ్డలకు మెదడుపొర క్షయ రాకుండా కాపాడుతుందని బీసీజీ ఇప్పటికీ వేస్తున్నారు. పెద్దలకు పనికొచ్చే కొత్త టీకా ఏదైనా, ఎలుకల్లో నెగ్గితే చాలదు. తిరువళ్లూరులాంటి ఊళ్లలో నెగ్గాలి.