వంటింటి అలమర అంచుకూ ఒక చరిత్ర ఉంది

వంటింటి అలమర పలక అంచున సన్నని చెక్కపట్టీ ఒకటి ఉంటుంది. వడ్రంగులు దాన్ని బీడింగు అంటారు. చూడ్డానికి అది సోకు. కానీ దాని వెనక అడవి, యుద్ధం, జిగురు మూడూ ఉన్నాయి.

వెనకటి రోజుల్లో కూర్చుని వండేవాళ్లు. సామాను గోడ గూటిలోనో, ఉట్టి మీదో, కొయ్య పెట్టెలోనో ఉండేది. కలిగినవాళ్ల ఇళ్లలో తలుపులు, పెట్టెలు నిండు టేకుతో చేసి, పూలూ లతలూ ఆ చెక్కలోనే ఉలితో తీసేవాళ్లు. మనకు ఈశాన్యంగా ఉన్న చెట్టినాడు మేడల్లో ఆ పనితనం ఇప్పటికీ చూడొచ్చు. అక్కడి టేకు చాలావరకు బర్మా నుంచి ఓడల్లో వచ్చింది. బర్మా రాజు థీబా ప్రభుత్వం టేకు నరికే ఒక బొంబాయి కంపెనీకి జరిమానా వేస్తే, దాన్ని సాకుగా పెట్టుకుని 1885లో ఇంగ్లీషువాళ్లు యుద్ధం చేసి ఆ రాజ్యాన్నే కలిపేసుకున్నారు. 1942లో జపాను సైన్యం బర్మాను పట్టుకోవడంతో ఆ వ్యాపారం దెబ్బతింది.

తర్వాత ప్లైవుడ్డు వాడకం పెరిగింది. నిలబడి వండే వంటిల్లూ వచ్చింది. 1926లో మార్గరెటె షూట్-లిహోట్‌స్కీ అనే ఆమె జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ల కోసం గీసిన వంటిల్లు దీనికి పేరుపొందిన నమూనా. అలమరలన్నీ వరసగా, చేతికందేటట్టు ఉంటాయి. అయితే ప్లైవుడ్డును కోసిన చోట పొరలు బయటపడతాయి. అక్కడ నీళ్లు దిగితే ఉబ్బి విడిపోతాయి. ఆ అంచును మూసేదే బీడింగు. అంటే అది ముందు కాపలా, తర్వాతే అలంకారం.

మరి అతికించేదెలా? 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపం అనే గట్టి జిగురు గురించి రాశాడు. వడ్రంగులైతే పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురును కాచి, వేడి మీదే పూసేవాళ్లు. తడి తగిలితే అది మెత్తబడేది. 1959లో ఫెవికాల్ వచ్చాక కాచే పని తప్పింది. అయినా మంచి పనివాడు జిగురునొక్కదాన్నే నమ్మడు. మూలల్ని 45 డిగ్రీలకు కోసి, జిగురు రాసి, సన్న మేకులు కొట్టి, వాటి తలలు లోపలికి దించి లప్పం పెడతాడు.

ఇప్పుడు యంత్రాలు ప్లాస్టిక్ పట్టీని క్షణాల్లో అతికిస్తున్నాయి. పని సులువైంది, మంచిదే. కానీ 'చిత్రిక పట్టడం' అంటే మెరుగు పెట్టడమని మనం తెలుగు పాఠంలో చదువుతాం. ఆ చిత్రిక ఎలా ఉంటుందో చూడాలంటే వడ్రంగి దగ్గరికే పోవాలి. చుట్టూ తమిళం ఉన్న మన ఊళ్లలో తెలుగు మాటలు బడిలోనే కాదు, పనిముట్ల పేర్లలోనూ బతికాయి. పనిముట్టు మూలన పడితే దాని పేరూ మూలన పడుతుంది. అందుకే ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి రాసుకుందాం.