నొప్పులు తెప్పించిన వైద్యం – నొప్పిని మరచిన వైద్యం

కాన్పు నొప్పులు వాటంతట అవి రావడం ఒకటి, వైద్యులు మందు పెట్టి వాటిని తెప్పించడం మరొకటి. రెండవ పద్ధతిలో బిడ్డను కన్న తల్లులలో కొందరు నొప్పి తగ్గించే మందు తామే వద్దనుకున్నవారు. మన ప్రాంతంలో అంతకంటె ఎక్కువగా కనిపించేది, అలాంటి మందు ఉన్నదన్న సంగతి ఎవరూ చెప్పని తల్లులు. బయటనుంచి చూసేవారికి ఇద్దరి కాన్పూ ఒకటే. నిజానికి వీరిద్దరి అనుభవాలకు చాలా దూరం ఉంది. ఆ దూరం ఎలా ఏర్పడిందో తెలియాలంటే రెండు చరిత్రలు చదవాలి. ఒకటి నొప్పులు తెప్పించే విద్యది, రెండవది నొప్పిని తగ్గించే విద్యది. ఈ రెండూ చాలాకాలం ఒకదాని ముఖం ఒకటి చూడకుండానే నడిచాయి.

నొప్పులు తెప్పించే విద్య

ఎముకలు మెత్తబడే రికెట్స్ వ్యాధి వల్ల కటి ఇరుకైన స్త్రీలు ఆ కాలపు ఐరోపాలో చాలామంది ఉండేవారు. నెలలు నిండిన బిడ్డ ఆ దారిలో పట్టదు. అప్పటికి సిజేరియన్ అంటే దాదాపు మరణమే. ఈ చిక్కును చర్చించడానికి 1756లో లండన్ వైద్యులు సమావేశమయ్యారని థామస్ డెన్మన్ తన రచనలో నమోదు చేశాడు. నెలలు నిండకముందే ఉమ్మనీటి సంచిని చిల్లుపరచి, బిడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే కాన్పు చేయించడం సమంజసమేనని వారు తీర్మానించారు. అంటే నొప్పులు తెప్పించడం తల్లి ప్రాణాన్ని కాపాడే ప్రయత్నంగానే మొదలయింది. ఈ సంగతి మనం మరువరాదు.

తరువాత వచ్చినది ఎర్గాట్. రై ధాన్యపు వెన్నులమీద పెరిగే ఒక శిలీంధ్రం అది. ఐరోపా మంత్రసానులకు దాని శక్తి ముందే తెలుసు. 1808లో అమెరికాకు చెందిన జాన్ స్టెర్న్స్ దానిని వైద్యలోకం దృష్టికి తెచ్చాడు. కాన్పు త్వరగా అవుతున్నదని వైద్యులు సంతోషించారు. కాని ఎర్గాట్ వల్ల బిగిసిన గర్భాశయం మధ్యలో సడలదు. సడలనప్పుడు మాయలోకి రక్తం చేరదు, బిడ్డకు ప్రాణవాయువు అందదు. కొందరు తల్లులకు గర్భాశయమే చిట్లిపోయింది. 1820ల నాటికి న్యూయార్క్ వైద్యుడు డేవిడ్ హోసాక్ వంటివారు హెచ్చరికలు చేశారు. కాన్పు అయిన తరువాత రక్తస్రావం ఆపడానికే దానిని వాడాలన్నారు.

1906లో హెన్రీ డేల్ పిట్యూటరీ గ్రంథి సారం గర్భాశయాన్ని ముడుచుకునేటట్లు చేస్తుందని గమనించాడు. కొద్ది సంవత్సరాలలోనే అది ప్రసూతి గదులకు చేరింది. పశువుల గ్రంథులనుంచి తీసిన ఆ సారంలో అసలు మందు ఎంత ఉన్నదో కచ్చితంగా తెలిసేది కాదు. సూదిగా ఒకసారి లోపలికి వెళ్లిన మందును వెనక్కి తీసే దారి లేదు. ఎర్గాట్ నాటి విషాదాలే మళ్లీ ఎదురయ్యాయి. 1948లో ఇంగ్లండుకు చెందిన థియోబాల్డ్ దానిని సెలైన్‌లో బాగా పలుచన చేసి చుక్కలు చుక్కలుగా ఎక్కించే పద్ధతిని వివరించాడు. 1953లో విన్సెంట్ డు విగ్నో ఆక్సిటోసిన్ నిర్మాణాన్ని కనుగొని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆక్సిటోసిన్ సిరలోకి ఎక్కుతున్నప్పుడు డ్రిప్ ఆపితే దాని ప్రభావం కొన్ని నిమిషాలలోనే తగ్గడం మొదలవుతుంది. నొప్పులను అదుపులో ఉంచే శక్తి వైద్యులకు వచ్చినది అప్పుడే.

1964లో ఎడ్వర్డ్ బిషప్ గర్భాశయ ముఖద్వారం కాన్పుకు ఎంత సిద్ధంగా ఉన్నదో లెక్కగట్టే పట్టికను రూపొందించాడు. 1968లో ఉగాండాలోని కంపాలానుంచి సుల్తాన్ కరీం ప్రోస్టాగ్లాండిన్లతో నొప్పులు తెప్పించిన ఫలితాలను ప్రకటించాడు. ఈనాడు వాడుతున్న మిసోప్రోస్టాల్ మాత్ర ఆ కుటుంబానిదే. మొదట అది కడుపులో పుండ్లకు తయారైన మందు.

నొప్పిని తగ్గించే విద్య

1847 జనవరిలో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పులో ఈథర్ వాడాడు. అదే సంవత్సరం నవంబరులో క్లోరోఫాం మొదలుపెట్టాడు. ప్రసవవేదన దైవశాసనమని, దానిని తొలగించరాదని కొందరు వాదించారు. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదవ కాన్పులో జాన్ స్నో ఆమెకు క్లోరోఫాం ఇచ్చాడు. ఆ తరువాత ఆ వాదన బలం తగ్గింది.

ఈ చరిత్రలో మన హైదరాబాదుకూ చోటుంది. క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ సహాయంతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయి. క్లోరోఫాం ముందుగా గుండెను దెబ్బతీయదన్న వాటి నిర్ణయం తరువాతి పరిశోధనలకు నిలవలేదు. అయినా ఆ పనిలో పాల్గొన్న హైదరాబాదు యువతి రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా ఈనాడు గౌరవిస్తున్నారు. నొప్పి నివారణ మన నేలకు పరాయి విద్య కాదు.

1906 ప్రాంతంలో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మార్ఫిన్, స్కోపాలమిన్ కలిపి ఇచ్చే ‘సంధ్యానిద్ర’ ప్రసిద్ధికెక్కింది. అది నొప్పిని పూర్తిగా తీసివేయలేదు, నొప్పి జ్ఞాపకాన్ని చెరిపివేసింది. తల్లులు కలవరిస్తూ పెనుగులాడేవారు. బిడ్డల శ్వాస మందగించేది. దీనికి భిన్నమైన దారిలో 1933లో గ్రాంట్లీ డిక్-రీడ్ ‘సహజ ప్రసవం’ అన్న భావనను ప్రచారంలోకి తెచ్చాడు. భయం వల్ల కండరాలు బిగుస్తాయని, బిగువు వల్ల నొప్పి పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. 1951లో సోవియట్ రష్యాలో చూసివచ్చిన శ్వాస అభ్యాసాలను ఫెర్నాండ్ లమాజ్ పారిస్‌లో ప్రవేశపెట్టాడు. మరొకవైపు 1942నుంచి అమెరికాలో వెన్ను దిగువన మందును నిరంతరంగా ఇచ్చే పద్ధతి అభివృద్ధి చెందింది. ఈనాటి ఎపిడ్యూరల్‌కు అది పూర్వరూపం.

రెండు దారులు కలిసిన చోటు

1969లో డబ్లిన్ జాతీయ ప్రసూతి ఆసుపత్రికి చెందిన కీరన్ ఓ’డ్రిస్కాల్ ఒక పద్ధతిని ప్రకటించాడు. వాటంతట అవే మొదలైన నొప్పులు మందగిస్తే ఉమ్మనీటి సంచిని తెరచి, ఆక్సిటోసిన్ ఎక్కించడం అందులో భాగం. ప్రతి తల్లి పక్కనా కాన్పు అయ్యేవరకు ఒక మనిషి ఉండి తీరడం కూడా అందులో భాగమే. ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది. చాలాచోట్ల డ్రిప్ వచ్చింది, పక్కన ఉండే మనిషి రాలేదు.

ఆ మనిషి విలువ ఎంతో తరువాత పరిశోధనలు లెక్కగట్టాయి. 26 అధ్యయనాలను, 15,858 మంది స్త్రీల వివరాలను కలిపి 2017లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో ఒక విషయం తేలింది. ఎడతెగని తోడు ఉన్న తల్లులకు సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పి మందుల అవసరమూ తక్కువ.

తెప్పించిన నొప్పులు ఎందుకు భారం?

సహజంగా వచ్చే నొప్పులు సాధారణంగా మెల్లగా మొదలై క్రమంగా పెరుగుతాయి. మెదడు తన ఆక్సిటోసిన్‌తోపాటు నొప్పిని ఓర్చుకునే ఎండార్ఫిన్లనూ విడుదల చేస్తుంది. డ్రిప్ ద్వారా వచ్చే ఆక్సిటోసిన్ గర్భాశయంమీద పనిచేస్తుంది గాని మెదడులోకి పెద్దగా చేరదు. నొప్పులు తక్కువ వ్యవధిలో తీవ్రమవుతాయి. పైగా సెలైన్ గొట్టం, బిడ్డ గుండె చప్పుడు గమనించే యంత్రం తల్లిని మంచానికి కట్టిపడేస్తాయి. అందుచేతనే ఈ నొప్పులు ఎక్కువ కష్టమని చాలామంది తల్లులు చెబుతారు. అది వారి బలహీనత కాదు.

అయినా ఏ మందూ లేకుండా ఇటువంటి కాన్పు సాధ్యమే. ముఖద్వారం ముందే మెత్తబడి ఉంటే, ఇది రెండవ కాన్పు అయితే, తోడుగా ఒక మనిషి ఉంటే, లేచి తిరగడానికి వీలుంటే ఎందరో తల్లులు ధైర్యంగా కన్నారు. వారిని గౌరవించాలి. ఆ ధైర్యాన్ని కొలబద్దగా చేసి, మందు అడిగిన తల్లిని చిన్నచూపు చూడరాదు. ఓర్చుకున్నదాని కంటె ఓర్చుకోలేనిది తక్కువ తల్లి కాదు.

గమనించవలసిన విషయాలు

1. రక్తపోటు, మధుమేహం, నెలలు దాటిపోవడం, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోవడం వంటివి నొప్పులు తెప్పించడానికి తగిన కారణాలు. ముహూర్తం తగిన కారణం కాదు. మీ విషయంలో కారణమేమిటో అడిగి తెలుసుకోండి.

2. నొప్పులు త్వరగా రావాలని ఇంటివద్దగాని, ఆర్.ఎం.పి. వద్దగాని సూది వేయించవద్దు. కండరానికి వేసిన ఆక్సిటోసిన్‌ను డ్రిప్ మాదిరిగా ఆపలేము. రెండువందల ఏళ్లనాటి ఎర్గాట్ ప్రమాదమే అది.

3. పది నిమిషాలలో ఐదుకంటె ఎక్కువ నొప్పులు వస్తుంటే, నొప్పికీ నొప్పికీ మధ్య పొట్ట సడలకపోతే వెంటనే సిబ్బందికి చెప్పండి.

4. కోరిన తల్లికి ఎపిడ్యూరల్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. విశ్రాంతి పద్ధతులనూ సూచించింది. మీ ఆసుపత్రిలో ఏవి లభిస్తాయో ముందే కనుక్కోండి.

5. కాన్పు గదిలో తోడు ఉండనివ్వాలని కేంద్రప్రభుత్వ ‘లక్ష్య’ కార్యక్రమం కూడా చెబుతున్నది. అది దయ కాదు, చికిత్సలో భాగం. నిస్సంకోచంగా అడగండి.

మత్తువైద్యులు చాలని చోట ప్రతి తల్లికీ ఎపిడ్యూరల్ రేపే రాదు. కాని పక్కన కూర్చునే మనిషికి యంత్రం అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. నొప్పి మందు వద్దనే హక్కు తల్లిది. ఆ మాటకు అర్థం ఉండాలంటే, కావాలని అడిగే అవకాశం కూడా ఆమెకు ఉండాలి.