పడుగును, వాన సూచనయు

సోలాపురమునందలి భవానీపేటలో నివసించు పద్మశాలీలకు ఆకాశమును గూర్చిన జిజ్ఞాస కేవల కుతూహలము గాదు. పంతొమ్మిదవ శతాబ్దమున తెలంగాణపు పల్లెలనుండి జీవనోపాధిని వెదకికొనుచు వలసవచ్చిన నేతవారికి ఎండయే ప్రథమ సాధనముగా నుండెను. గంజి పట్టించిన పడుగును వీధి పొడవున సాచి, కుంచెతో దువ్వి, ఆరబెట్టవలసియుండుటచే, ఒక్క జల్లు పడినను నాటి శ్రమ యంతయు వ్యర్థమగుచుండెను. గాలి మిక్కిలి పొడిగా నున్నచో, తేమ చాలక దారములు పుటుక్కున తెగుచుండెను. గుంటమగ్గముగల యింటిలోనికి వాననీరు చేరినచో నిక చెప్పనక్కఱలేదు.

అందుచే ఉగాదినాటి పంచాంగశ్రవణమున మృగశిర, ఆరుద్ర కార్తెల ఫలము నేతయింటికిని ప్రాణప్రదమైన విషయమే.

సోలాపురము వర్షచ్ఛాయాప్రాంతము, 1876–78 నాటి మహాక్షామము దానిని తీవ్రముగా పీడించెను. తదనంతరము, 1875లో స్థాపితమైన భారత వాతావరణశాఖకు ప్రథమాధిపతియగు హెన్రీ బ్లాన్ఫర్డ్, హిమాలయముల మంచునకును ఋతుపవనమునకును గల సంబంధమును పరిశీలించి, 1886లో తొలి దీర్ఘకాలిక వర్షసూచనను వెలువరించెను. లక్షలకొలది ప్రాణములు పోయిన పిదప పుట్టిన ఆ విద్యను ఆంగ్లపాలనలోని మిక్కిలి ఉపకారకములగు కార్యములలో నొకటిగా నేనెంచుదును. 1928లో ఆ శాఖ ప్రధానకార్యాలయము సిమ్లానుండి సోలాపురమునకు సమీపమగు పూనాకు తరలెను. రేడియో వచ్చిన పిమ్మట సూచన యిల్లిల్లు చేరెను. 2020లో ‘మౌసమ్’ అను యాప్ ద్వారా అది అరచేతికే వచ్చెను.

అప్పటికి మరమగ్గములు ప్రబలి, గంజిపని వీధి విడిచి, ఆవిరితో కాగు లోహపు గొట్టములమీదికి, కర్మాగారములలోనికి చేరియుండెను.