లెస్లీ స్టీఫెన్: నమ్మనిది పలకని సంపాదకుడు

విక్టోరియా యుగపు విమర్శకుల వరసను తిరిగి చూసుకుంటే నేను ఎక్కువసేపు ఆగేది లెస్లీ స్టీఫెన్ దగ్గరే. 1832లో లండన్‌లో పుట్టాడు. తండ్రి సర్ జేమ్స్ బానిసత్వ రద్దు చట్టం ముసాయిదా రాసిన అధికారి. అన్న ఫిట్జ్‌జేమ్స్, మన కోర్టుల్లో నిన్నమొన్నటిదాకా నడిచిన 1872 నాటి సాక్ష్య చట్టాన్ని రూపొందించినవాడు.

లెస్లీ కేంబ్రిడ్జిలో చదివి, అక్కడే ఫెలోగా, ట్యూటర్‌గా కుదురుకుని, 1859లో పాదిరి అయ్యాడు. మూడేళ్లలో విశ్వాసం సడలింది. నమ్మకం లేకుండా కాలేజీ ప్రార్థనలు జరిపించలేనని ట్యూటర్ పదవి వదిలేశాడు. ఆ తర్వాత లండన్ చేరి పత్రికా వ్యాసాలతో బతికాడు. ఆల్ప్స్ పర్వతాలంటే ప్రాణం. ష్రెక్‌హార్న్ శిఖరాన్ని 1861లో మొదట ఎక్కిన బృందంలో ఆయనా ఉన్నాడు.

1871లో 'కార్న్‌హిల్' పత్రిక సంపాదకుడయ్యాడు. థామస్ హార్డీ అనే కొత్త రచయితను గుర్తించి, 1874లో 'ఫార్ ఫ్రమ్ ద మ్యాడింగ్ క్రౌడ్'ను సీరియల్‌గా వేశాడు. హెన్రీ జేమ్స్ 'డైజీ మిల్లర్' కూడా ఆ పత్రికలోనే వచ్చింది. అయితే హార్డీ నవలలో మోసపోయిన ఆడపిల్ల కథను ఆచితూచి రాయమని ఆ రచయితను కోరాడు. చదువరుల పైపై మర్యాదలకు లొంగుతున్నానని స్టీఫెనే ఒప్పుకున్నాడు. సత్యం కోసం ఉద్యోగం విడిచిన మనిషి ఇక్కడ తగ్గడం నాకు బాధ కలిగిస్తుంది. 1875లో ఒక రాత్రి ఆ హార్డీనే ఇంటికి పిలిపించి, పాదిరి హోదాను శాశ్వతంగా వదులుకునే పత్రంపై సాక్షి సంతకం చేయించుకున్నాడు.

అసలు శ్రమ ఆ తర్వాతిది. ప్రచురణకర్త జార్జ్ స్మిత్ 1882లో బ్రిటన్ ప్రముఖుల జీవితాల కోశమైన 'డిక్షనరీ ఆఫ్ నేషనల్ బయోగ్రఫీ' బాధ్యత ఆయనకు అప్పగించాడు. మొదటి సంపుటం 1885 జనవరిలో వెలువడింది. ఆపైన మూడు నెలలకొకటి. పేర్ల జాబితాలు వేయడం, రచయితలను వెతకడం, పొగడ్తలను కొట్టేయడం, తేదీలు సరిచూడడం, అన్నీ ఆయన పనే. స్విఫ్ట్, పోప్, జాన్సన్, బైరన్ జీవితాలతో సహా 378 వ్యాసాలు స్వయంగా రాశాడు. ఆరోగ్యం దెబ్బతిని 1891లో ఆ పనిని తన సహాయకుడు సిడ్నీ లీకి అప్పగించి తప్పుకున్నాడు. 1900 నాటికి 63 సంపుటాలు పూర్తయ్యాయి. ఆయన విమర్శ వ్యాసాలన్నిటికన్నా ఈ అజ్ఞాత చాకిరీనే గొప్పదంటాను.

ఇంట్లో మాత్రం కష్టమైన మనిషి. 1895లో భార్య జూలియా పోయాక ఆయన దుఃఖం, ఇంటిఖర్చుల మీది కోపం కూతుళ్ల మీద పడ్డాయి. కొడుకులను కేంబ్రిడ్జికి పంపాడు, కూతుళ్లను పంపలేదు. అయినా చిన్నకూతురు వర్జీనియాకు (తర్వాతి నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్) తన గ్రంథాలయం మొత్తం అడ్డులేకుండా తెరిచిపెట్టాడు. 1904లో కన్నుమూశాడు. రెండేళ్లకు న్యాయచరిత్రకారుడు మేట్లండ్ రాసిన ఆయన జీవితచరిత్రలో, ఇంటి జ్ఞాపకాల భాగం కొంత ఆ వర్జీనియా రాసిచ్చిందే.