అధికమాసం

చాంద్రమాన పంచాంగంలో రెండు మూడేళ్లకోసారి పన్నెండు నెలలకు అదనంగా వచ్చే నెల అధికమాసం. రెండు అమావాస్యల నడుమ సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశికి మారకపోతే, అంటే సంక్రాంతి పడకపోతే, ఆ నెల అధికమవుతుంది. దాని తర్వాతి నెల పేరే దీనికీ పెడతారు. ముందు అధిక జ్యేష్ఠం, వెనుక నిజ జ్యేష్ఠం. పండుగలు, పెళ్లిళ్లు నిజమాసంలోనే చేస్తారు.

అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. అలాంటి నెలలు పన్నెండు కలిస్తే 354 రోజుల పైచిలుకు. సూర్యుడు పన్నెండు రాశులూ తిరిగి రావడానికి 365 రోజులు దాటుతుంది. ఏటా మిగిలే ఈ 11 రోజుల తేడాను సర్దకపోతే పదహారేళ్లకల్లా ఉగాది శరదృతువులోకి జారిపోతుంది; పచ్చడికి వేపపూత ఉండదు, మామిడి పిందె ఉండదు. హిజ్రీ పంచాంగంలో ఏ నెలనూ కలపరు కాబట్టే రంజాన్ సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలనూ చుట్టివస్తుంది.

అదనపు నెల ప్రస్తావన ఋగ్వేదంలోనే ఉంది. లగధుడిదని చెప్పే వేదాంగ జ్యోతిషం అయిదేళ్లను ఒక యుగంగా తీసుకుని, 1,830 రోజుల్లో 62 చాంద్రమాసాలు ఇమిడ్చింది. అయిదేళ్లకు 60 నెలలు కావాలి కనుక మిగిలిన రెండూ అధికమాసాలు: ఒకటి యుగం నడిమధ్యన, ఒకటి చివరన. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. సులువైన లెక్కే గానీ ఏడాదిని 366 రోజులుగా పట్టడంతో యుగానికి మూడు రోజులకు పైగా తప్పుతుంది.

సిద్ధాంత గ్రంథాలు ఆ తప్పును దిద్దాయి. 43,20,000 ఏళ్ల మహాయుగంలో 15,93,336 అధికమాసాలు వస్తాయని సూర్యసిద్ధాంతం లెక్కగట్టింది. అంటే సుమారు 32 సౌరమాసాల 16 రోజులకొకటి. ఈనాటి ఖగోళ కొలతలకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూస్తే ఆ గణకుల మీద గౌరవం కలగక మానదు.

మొదట్లో సూర్యచంద్రుల సగటు గతినే లెక్కలోకి తీసుకునేవారు. ఆ మధ్యమ పద్ధతిలో అధికమాసం ఏ నెలకైనా రావచ్చు. 11వ శతాబ్దం తర్వాత వాటి నిజగతిని అనుసరించే స్పష్ట పద్ధతి స్థిరపడింది. సూర్యుడు మిథునంలో నెమ్మదిగా నడిచి 31 రోజులకు పైగా ఉంటాడు. ధనుస్సును మాత్రం 30 రోజులు నిండకుండానే దాటేస్తాడు. అందుకే అధికమాసాలు ఎక్కువగా చైత్రం నుంచి ఆశ్వయుజం దాకా వస్తాయి. చలికాలంలో అరుదుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది: ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రాంతులు పడి ఒక నెల మాయమవుతుంది. అది క్షయమాసం. క్షయమాసం వచ్చిన ఏడు దానికి ముందొకటి, తర్వాతొకటి అధికమాసాలు వచ్చి లెక్క సరిచేస్తాయి. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు, శక సంవత్సరం 974లో క్షయమాసం వచ్చిందనీ 1115, 1256, 1378లలో మళ్లీ వస్తుందనీ చెప్పాడు. ఇటీవల ఇది 1963–64లోనూ 1982–83లోనూ వచ్చింది. దుందుభి నామ సంవత్సరమైన ఆ రెండోసారి ఆశ్వయుజం, ఫాల్గుణం అధికమై మాఘం క్షయమైంది. మళ్లీ వచ్చేది 2123–24లో.

తెలుగువారికి, కన్నడిగులకు, మరాఠీలకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదిన పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి అక్కడ నిజమాసపు కృష్ణపక్షం ముందు వచ్చి, నడుమ అధికమాసం నడిచి, తర్వాత నిజమాసపు శుక్లపక్షం వస్తుంది.

మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం సిఫారసుతో 1957 మార్చి 22 నుంచి ప్రభుత్వ వాడకానికి సౌరమానపు శక క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. పండుగలకు మాత్రం చాంద్రమానమే నిలిచింది. సంక్రాంతి, అమావాస్య దగ్గరదగ్గరగా పడిన ఏళ్లలో సూర్యసిద్ధాంతం లాంటి పాత లెక్కలను పాటించే పూర్వ సిద్ధాంతానికీ ఈనాటి ఖగోళ కొలతలను అనుసరించే దృక్ సిద్ధాంతానికీ కొన్ని గంటల తేడా వచ్చినా ఏ నెల అధికమన్నదే మారిపోవచ్చు. పరాభవ నామ సంవత్సరంలో, 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా నడిచే అధిక జ్యేష్ఠం అలాంటి అంచున ఉన్నదే: దృగ్గణితం ప్రకారం ఆఖరి రోజు అమావాస్య గడిచిన కొన్ని గంటలకే మిథున సంక్రమణం.

మలమాసమనీ శూన్యమాసమనీ దీన్ని శుభకార్యాలకు దూరం పెట్టినా, పురుషోత్తమ మాసమని దానధర్మాలకు, విష్ణుపూజకు శ్రేష్ఠంగా భావిస్తారు. ‘కరువులో అధికమాసం’ అన్న సామెత ఉన్నా, పండుగలు ఋతువు తప్పకుండా వస్తున్నాయంటే ఈ నెల చలవే. తిరుమలలో అధికమాసం వచ్చిన ఏడు బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి. సూర్యుడు కన్యారాశిలో ఉండే రోజులు అప్పుడు సాధారణంగా భాద్రపదంలోకి వస్తాయి కనుక ఏటా ఆ రోజుల్లో జరిగే సాలకట్ల బ్రహ్మోత్సవాలు ఆ నెలలో, నవరాత్రి బ్రహ్మోత్సవాలు ఆశ్వయుజంలో చేస్తారు. 2023లో అలాగే చేశారు.